క్రౌడ్‌ఫండింగ్ సంఘంలో చేరితే ఊరివాళ్ల దగ్గర వాటాల డబ్బు తీసుకోవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు మళ్లీ చెబుతాను. ముమ్మిడివరం దగ్గర కొబ్బరి పీచు, పొట్టు దిమ్మలు తయారుచేసే చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ మీది. రెండో యంత్రానికి పెట్టుబడి కావాలి, బ్యాంకు తాకట్టు అడుగుతోంది. ఊళ్లోవాళ్లు, హైదరాబాద్‌లో, కువైట్‌లో ఉన్న బంధువులు కలిసి నాలుగు వందల మంది దాకా తలా పదివేలో ఇరవైవేలో పెట్టి వాటాదారులుగా చేరతామంటున్నారు. ఈలోగా పెట్టుబడి క్రౌడ్‌ఫండింగ్ (ఆన్‌లైన్‌లో చాలామంది దగ్గర చిన్న చిన్న మొత్తాలు తీసుకుని షేర్లు ఇవ్వడం) పరిశ్రమ కోసం పనిచేస్తున్నామని ఒక సంఘం ప్రతినిధి మీ దగ్గరికి వచ్చారు. అమెరికాలో ఇలాంటి సంఘాలే చట్టం తెప్పించాయని, ఇక్కడా త్వరలో వస్తుందని, సభ్యత్వం తీసుకుంటే మీకు రక్షణ ఉంటుందని చెప్పారు. చేరాలా, చేరితే డబ్బు తీసుకోవచ్చా అన్నది మీ సందేహం.

నేరుగా చెబుతున్నాను. సంఘంలో చేరడం తప్పు కాదు. కానీ చేరినంత మాత్రాన కొత్తగా ఒక్క మనిషి దగ్గర ఒక్క రూపాయి తీసుకునే హక్కు కూడా మీకు రాదు. షేర్ల కోసం ఆన్‌లైన్‌లో జనం దగ్గర చిన్న చిన్న మొత్తాలు సేకరించడానికి మన దేశంలో ఇప్పటికి అనుమతి లేదు. సంఘం పని చట్టం మార్చమని అడగడం. ఆ మార్పు వచ్చేదాకా పాత చట్టమే మీకూ వర్తిస్తుంది, సంఘం అధ్యక్షుడికీ వర్తిస్తుంది. "సభ్యులకు రక్షణ" అని ఆయన నిజంగానే అని ఉంటే ఆ ఒక్క మాట చాలు, ఆ సంఘాన్ని అనుమానించడానికి.

నేను భీమవరంలో కంపెనీ సెక్రటరీగా పనిచేస్తున్నాను. రొయ్యల మేత, ఐస్ ఫ్యాక్టరీలు, కొబ్బరి ఉత్పత్తులు, రైసు మిల్లులు, ఇలాంటి కంపెనీల కాగితాలు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. స్థానిక వ్యాపార సంఘాల తరఫున ప్రభుత్వానికి, నియంత్రణ సంస్థలకు వినతులు రాసి పంపడం కూడా నా పనిలో భాగమే. అందుకే మీ ప్రశ్నలోని రెండు కొసలూ నాకు తెలిసినవే: కంపెనీ చట్టం ఒకటి, సంఘాలు ప్రభుత్వంతో మాట్లాడే తీరు ఇంకొకటి.

ముందు చట్టం సంగతి. ప్రైవేటు కంపెనీ అంటేనే తన షేర్లు కొనమని ప్రజలను ఆహ్వానించకూడదని 2013 కంపెనీల చట్టంలోని నిర్వచనం చెబుతోంది. సభ్యుల సంఖ్య 200 దాటకూడదు. 42వ సెక్షన్ కింద ఎంపిక చేసుకున్న వ్యక్తులకు షేర్లు ఇవ్వవచ్చు (దీన్నే ప్రైవేటు ప్లేస్‌మెంట్ అంటారు), కానీ ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కో రకం సెక్యూరిటీకి, అంటే షేర్లు, డిబెంచర్ల లాంటి వాటికి, 200 మందికి మించి ఆఫర్ ఇవ్వకూడదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. 200 మంది తీసుకోవడం కాదు, 200 మందిని అడగడమే పరిమితి. ఒక్కొక్కరికి పేరు మీద ఆఫర్ లేఖ వెళ్లాలి. డబ్బు నగదుగా తీసుకోకూడదు, అది ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉండాలి. 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు తిరిగి ఇచ్చేయాలి. కేటాయింపు వివరాలు కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేసేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు. ప్రకటనలు ఇవ్వకూడదు. మీ ఊరి వాట్సాప్ గ్రూపులో "మన కంపెనీలో వాటా కావలసినవారు పేరు రాయండి" అని పెట్టడం కూడా ప్రకటన కిందికే వస్తుంది.

పబ్లిక్ లిమిటెడ్‌గా మార్చుకుంటే సరిపోతుందా అని తరచూ అడుగుతుంటారు. సభ్యుల సంఖ్య మీద పరిమితి పోతుంది గానీ ఆఫర్ మీద పరిమితి పోదు. 200 దాటితే అది పబ్లిక్ ఇష్యూ, ప్రాస్పెక్టస్ (ఇష్యూ వివరాల పత్రం) కావాలి. మీ స్థాయి కంపెనీకి అయ్యే ఖర్చు కాదది.

మన డెల్టాలో ఇంకో అలవాటుంది, వాటాల చెరువు. పదిమంది కలిసి చెరువు లీజుకు తీసుకుని, మేతకూ పిల్లకూ తలా కొంత వేసుకుని, పట్టుబడి అయ్యాక పంచుకుంటారు. ఒకరినొకరు ఎరిగినవాళ్లు కాబట్టి ఇది నడుస్తోంది. ఇదే పద్ధతిని నాలుగు వందల మందికి సాగదీద్దామంటే కుదరదు. 50 మందికి మించి కలిసి లాభం కోసం వ్యాపారం చేయాలంటే దాన్ని కంపెనీగానో, వేరే చట్టం కిందనో నమోదు చేసుకోవలసిందే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, చెరువులకు వాడే సామగ్రి తయారుచేసే ఒక యువకుడి కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. అప్పటికే వంద మందికి పైగా డబ్బు ఇచ్చేశారు. ఒక్కొక్కరికి ఒక రశీదు. మీద ఎర్ర సిరాతో వరుస సంఖ్య, కింద రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. మధ్యలో ఒకే వాక్యం: "మా సంస్థ అభివృద్ధి నిమిత్తం వాటాగా అందినది." ఎన్ని షేర్లో లేదు, ధర లేదు, ఎప్పుడు ఇస్తారో లేదు. ఆ యువకుడు నిజాయితీపరుడు. డబ్బంతా యంత్రాల్లోనే పెట్టాడు, పైసా పక్కకు పోలేదు. ఒకాయన కూతురి పెళ్లికని తన లక్ష వెనక్కి అడిగాడు. అప్పుడు తేలింది, ఆ రశీదు ప్రకారం ఆయన వాటాదారుడూ కాదు, అప్పిచ్చినవాడూ కాదు. షేర్లు కేటాయించని డబ్బు గడువు దాటితే చట్టం దృష్టిలో డిపాజిట్ అవుతుంది. చిన్న కంపెనీ ఊరందరి దగ్గర డిపాజిట్లు తీసుకున్నట్టు లెక్క. 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కింద అలాంటి డిపాజిట్లు తీసుకున్నట్టు తేలితే రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. చివరికి అతను యంత్రాలు అమ్మి, ఇంట్లోవాళ్ల నగలు కుదువ పెట్టి అందరికీ తిరిగి కట్టాడు. మంచి సరుకు చేసే యూనిట్ అది. డబ్బు తెచ్చిన దారి తప్పు కావడం వల్లే మూతపడింది.

ఇక సంఘాల విషయం. సంఘాల వల్ల ఏమీ ఒరగదని నేను అనను. అమెరికా కథను ఆ ప్రతినిధి మీకు సగమే చెప్పినట్టున్నారు, మిగతా సగం నేను చెబుతాను.

మహా మాంద్యం కాలంలో, 1933లో వచ్చిన సెక్యూరిటీల చట్టం ప్రకారం, నమోదు చేయకుండా సామాన్యులకు షేర్లు అమ్మజూపడం అక్కడ దాదాపు అసాధ్యంగా ఉండేది. 2008 సంక్షోభం తర్వాత చిన్న వ్యాపారాలకు అప్పు పుట్టడం కష్టమైంది. షెర్వుడ్ నీస్, జేసన్ బెస్ట్, జాక్ కాసడీ డోరియన్ అనే ముగ్గురు వ్యాపారులు చిన్న మొత్తాలకు మినహాయింపు కావాలంటూ ఒక ప్రతిపాదన రాసుకుని 2011లో వాషింగ్టన్‌లో ప్రతినిధుల గడపలు తొక్కారు. ఆ ఏడాది నవంబరులో ప్రతినిధుల సభ 407-17 ఓట్లతో బిల్లును ఆమోదించింది. అంత మెజారిటీ చూస్తే పని అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. సామాన్యులు మోసపోతారని రాష్ట్రాల సెక్యూరిటీ నియంత్రణాధికారుల సంఘం, వినియోగదారుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. సెనేట్ ఆ బిల్లును దాదాపు తిరగరాసింది. డబ్బు సేకరించే వేదిక తప్పనిసరిగా నమోదు కావాలి, కంపెనీ తన లెక్కలు బయటపెట్టాలి అని చేర్చింది, ఒక్కొక్కరు పెట్టే మొత్తం మీద పరిమితిని మార్చింది. 2012 ఏప్రిల్ 5న అధ్యక్షుడు ఒబామా సంతకంతో అది చిన్న కంపెనీలు పెట్టుబడి సేకరించడాన్ని సులభం చేసే జాబ్స్ చట్టంలో భాగమైంది.

సంతకం అయిన రోజు నుంచే డబ్బు సేకరించవచ్చని అక్కడా చాలామంది అనుకున్నారు. అక్కడి సెక్యూరిటీల నియంత్రణ సంస్థ నియమాలు రాయడానికి చట్టం ఇచ్చిన గడువు 270 రోజులు. ఆ నియమాలు ఖరారైంది 2015 అక్టోబరు 30న. అమల్లోకి వచ్చింది 2016 మే 16న. చట్టానికీ మొదటి డాలరుకూ మధ్య నాలుగేళ్లు పట్టింది. క్రౌడ్‌ఫండింగ్ ప్రొఫెషనల్ అసోసియేషన్ లాంటి సంఘాల అసలు పని మొదలైంది ఆ నాలుగేళ్లలోనే. ముసాయిదాలోని ఒక్కో అంశానికీ లిఖితపూర్వకంగా అభిప్రాయాలు పంపడం, ఏ నిబంధన వల్ల చిన్న కంపెనీకి ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి చూపడం, అధికారులతో కూర్చుని మాట్లాడడం. ఉదాహరణకు ఆడిట్. 5 లక్షల డాలర్లు దాటి సేకరిస్తే ఆడిట్ చేసిన లెక్కలు ఇవ్వాలని ముసాయిదాలో ఉంది. ఇంకా అమ్మకాలే మొదలుకాని కంపెనీకి ఆ ఖర్చు తడిసి మోపెడవుతుందని పరిశ్రమ వాళ్లు రాశారు. చివరి నియమాల్లో, మొదటిసారి సేకరించేవాళ్లకు ఆడిట్ బదులు స్వతంత్ర అకౌంటెంటు సమీక్ష చాలన్నారు. సంఘం చేసే మేలు ఇలా ఉంటుంది: చిన్నది, ఖచ్చితమైనది, కాగితం మీద కనబడేది.

మొదట ఏడాదికి 10 లక్షల డాలర్లే పరిమితి. 2017లో ద్రవ్యోల్బణాన్ని బట్టి 10.7 లక్షలైంది. పెంచమని ఏళ్ల తరబడి అడిగితే 2021 మార్చి 15 నుంచి 50 లక్షలైంది. అదే ఏడాది సెప్టెంబరులో ఈ నియమాల కింద మొదటి మోసం కేసు కూడా వచ్చింది. రెండు కంపెనీల పేరిట దాదాపు 19 లక్షల డాలర్లు సేకరించి సొంతానికి మళ్లించారన్న ఆరోపణ మీద నియంత్రణ సంస్థ కోర్టుకు వెళ్లింది. నిర్వాహకులతో పాటు ఆ షేర్లు అమ్మిపెట్టిన వేదికను, దాని అధిపతిని కూడా ప్రతివాదులుగా చేర్చింది. ఇలాంటి రోజున సంఘం ఎటువైపు నిలబడుతుందన్నదే నాకు ముఖ్యం. మోసగాడిని వెనకేసుకొస్తే మిగతా సభ్యులందరి పరువూ పోతుంది.

బ్రిటన్ ఉదాహరణ నాకు ఇంకా నచ్చుతుంది. అక్కడ 2011లో వ్యక్తుల మధ్య అప్పులు కుదిర్చే మూడు ఆన్‌లైన్ వేదికలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. అప్పటికి వాటి మీద ప్రత్యేకమైన నియంత్రణ లేదు. హాయిగా ఉందని ఊరుకోలేదు. "మమ్మల్ని నియంత్రించండి" అని ప్రభుత్వాన్ని తామే అడిగాయి. ఖాతాదారుల డబ్బు వేరుగా ఉంచడం, బకాయిల వివరాలు బయటపెట్టడం లాంటి సూత్రాలు తమకు తామే పెట్టుకుని పాటించాయి. 2014 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ నియంత్రణ మొదలైంది. అయినా తర్వాత కొన్ని వేదికలు కుప్పకూలాయి. 2019 డిసెంబరు నుంచి కొత్త మదుపరులు తమ పెట్టుబడి సొమ్ములో 10 శాతానికి మించి ఇందులో పెట్టకూడదని అక్కడి నియంత్రణ సంస్థ బిగించింది. అంటే సంఘం మంచిదైనంత మాత్రాన మదుపరి నష్టపోడని కాదు. కానీ నియంత్రణ కోరి తెచ్చుకున్న పరిశ్రమ మాటకు ప్రభుత్వం దగ్గర ఒక విలువ ఉంటుంది.

మన దగ్గర ఏం జరిగిందో చూద్దాం. షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014 జూన్‌లో క్రౌడ్‌ఫండింగ్ మీద ఒక చర్చాపత్రం విడుదల చేసింది. కంపెనీ 12 నెలల్లో 10 కోట్లు దాటకుండా సేకరించవచ్చు, చిన్న మదుపరి 20 వేల నుంచి 60 వేల దాకా పెట్టవచ్చు, కంపెనీ ఏర్పడి 48 నెలలు దాటి ఉండకూడదు అని అందులో ప్రతిపాదించారు. ఆ చిన్న మదుపరికి కూడా ఏడాదికి కనీసం 10 లక్షల ఆదాయం ఉండాలన్నారు. మీ ఊళ్లో వాటా పెడతామంటున్నవాళ్లలో ఎంతమందికి ఆ అర్హత ఉంటుందో మీరే ఆలోచించండి. ఆ పత్రం నియమాలుగా మారలేదు. 2016 ఆగస్టు 30న సెబీ, అనుమతి లేని ఇలాంటి వేదికల జోలికి పోవద్దని మదుపరులను హెచ్చరించింది. 2024 డిసెంబరులో, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదుకాని కంపెనీల షేర్లు అమ్మిపెట్టే వేదికల గురించి మళ్లీ హెచ్చరించింది. "త్వరలో చట్టం వస్తుంది" అన్న మాటను నమ్మి డబ్బు తీసుకోవడమంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

సెబీ ఎందుకు వెనకాడుతోందో మన రాష్ట్రంవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టి చిక్కుకున్నవాళ్లు మన జిల్లాల్లో వీధికొకరు దొరుకుతారు. అంతకుముందు సూక్ష్మరుణాల కథ. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు మూయించినప్పుడే ఆ పరిశ్రమ మేలుకోవలసింది. దేశస్థాయి సంఘం ఎంఫిన్ ఏర్పడింది 2009లో. ప్రవర్తనా నియమావళి గురించి మాటలు సాగుతుండగానే, వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ, 2011 డిసెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు, 2014లో ఎంఫిన్‌కు స్వీయ నియంత్రణ సంస్థగా గుర్తింపు వచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. పద్ధతిగా అప్పు తీర్చే మహిళలకు కూడా ఆ తర్వాత చాలాకాలం అప్పు పుట్టలేదు. ఈ పరిశ్రమ మీద ప్రేమతోనే చెబుతున్నాను: క్రౌడ్‌ఫండింగ్ సంఘాలు చదవవలసిన మొదటి పాఠం అమెరికాది కాదు, మన కృష్ణా, గోదావరి జిల్లాలది.

వ్యక్తుల మధ్య రుణ వేదికల సంగతీ ఇలాంటిదే. 2017 అక్టోబరులో రిజర్వు బ్యాంకు వాటికి నియమాలు ఇచ్చింది. ఒకరు ఒక రుణగ్రహీతకు 50 వేలకు మించి ఇవ్వకూడదు, మొత్తం మీద 10 లక్షలు దాటకూడదు అన్నారు. ఆ 10 లక్షలను 2019 డిసెంబరులో 50 లక్షలు చేశారు. పరిశ్రమకు అది గెలుపే. కానీ కొన్ని వేదికలు దాన్ని ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోగల డిపాజిట్‌లా అమ్మడం మొదలుపెట్టాయి. 2024 ఆగస్టు 16న రిజర్వు బ్యాంకు నియమాలు బిగించి అవన్నీ ఆపించింది. పద్ధతిగా నడిచిన వేదికలు కూడా ఆ దెబ్బకు కుదేలయ్యాయి. తోటి సభ్యుడు గీత దాటుతుంటే సంఘం చూస్తూ ఊరుకుంటే జరిగేది ఇదే.

మరి మన రాష్ట్రంలో ఇలా అడిగి సాధించుకున్న చట్టమే లేదా? ఉంది, అదీ చాలా గొప్పది. 1964 నాటి సహకార చట్టం కింద సొసైటీల పాలకవర్గాలను ప్రభుత్వం ఎప్పుడంటే అప్పుడు రద్దు చేయగలిగేది. కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ అనే సంస్థ ఏళ్ల తరబడి సహకార సంఘాల సభ్యులను కూడగట్టి, ప్రత్యామ్నాయ చట్టం ఎలా ఉండాలో వివరంగా రాసి, ప్రభుత్వాల వెంటపడింది. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. అందరూ మ్యాక్స్ చట్టం అనేది దాన్నే. దేశంలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనది. వాళ్లు ప్రభుత్వ వాటాధనం వద్దన్నారు, దానికి బదులు స్వేచ్ఛ అడిగారు. తామేం వదులుకుంటారో చెప్పి ఏం కావాలో అడిగారు. నేను ఎవరికి వినతి రాసిపెట్టినా ఈ పద్ధతినే గుర్తు చేసుకుంటాను.

ఇంత చెప్పాక, మీ దగ్గరికి వచ్చిన సంఘాన్ని ఎలా తూకం వేయాలో చెబుతాను. ముందు వాళ్లు ఇప్పటిదాకా నియంత్రణ సంస్థలకు పంపిన వినతుల ప్రతులు అడగండి. నిజంగా పనిచేసే సంఘానికి అవి దాచుకునే అవసరం లేదు, గర్వంగా చూపిస్తుంది. మంత్రితో దిగిన ఫొటోలు, సదస్సుల బ్యానర్లు వినతులు కావు. తర్వాత, ఆ వినతుల్లో పరిమితులు పెంచమనే ఉందా, మదుపరికి రక్షణలు పెట్టమని కూడా ఉందా అన్నది చూడండి. మొదటిది మాత్రమే ఉంటే అది వేదికల యజమానుల సంఘం. మీలాంటి కంపెనీకీ, డబ్బు పెట్టే మీ ఊరివాళ్లకూ అందులో చోటు లేదు. పాలకవర్గంలో డబ్బు సేకరించిన కంపెనీలు, మదుపరులు ఎవరైనా ఉన్నారా, నియమం తప్పిన సభ్యుణ్ణి ఎప్పుడైనా బయటికి పంపారా అని అడగండి. ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో, ఆడిట్ లెక్కలు ఉన్నాయో లేదో కూడా తెలుసుకోండి. సంఘం పెద్దలకే ఒక వేదిక ఉండి, సభ్యత్వంతో పాటు "మా వేదికలో నమోదు" కూడా అంటగడుతుంటే అది సంఘం కాదు, వాళ్ల అమ్మకాల విభాగం.

ఈ ప్రశ్నలకు సరైన జవాబులు వస్తే చేరండి. నిజాయితీగా పనిచేసే సంఘానికి డెల్టా నుంచి, అందులోనూ కొబ్బరి, ఆక్వా వ్యాపారాల నుంచి సభ్యులు చాలా అవసరం. ఢిల్లీ, ముంబై, బెంగళూరు టెక్ కంపెనీల గొంతు ఒక్కటే వినిపిస్తే రేపు వచ్చే నియమాలూ వాటికి సరిపోయేలాగే ఉంటాయి. ఆదాయం 10 లక్షలు లేనివాడు చిన్న మదుపరి కూడా కాడన్న ప్రతిపాదన అలాంటిదే. తన ఊళ్లో ఉన్న పీచు ఫ్యాక్టరీ గురించి అంబాజీపేట కొబ్బరి వ్యాపారికి తెలిసినంత, బొంబాయిలోని ఏ ధనవంతుడికీ తెలియదు. ఆ వ్యాపారి పదివేలు పెట్టగలగాలి, ఆ పదివేలకు రక్షణా ఉండాలి.

వినతి రాయడం గురించి ఒక మాట. సెబీగానీ రిజర్వు బ్యాంకుగానీ ముసాయిదా మీద అభిప్రాయాలు కోరినప్పుడు ఎవరైనా పంపవచ్చు, సంఘమే పంపాలని లేదు. కేంద్ర ప్రభుత్వం కూడా కొత్త చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లోనే నిర్ణయించుకుంది. ఒక వ్యాపార సంఘం నా దగ్గరికి తెచ్చిన చిత్తుప్రతిలో మొదటి పేజీ అంతా "తమరు దయతో, పెద్ద మనసుతో" అనే ఉంది, అడిగిందేమిటో మూడో పేజీ దాకా తెలియలేదు. దాన్ని పక్కనపెట్టి మూడు గళ్ల పట్టిక గీశాం. మొదటి గడిలో ముసాయిదాలోని పేరా సంఖ్య, రెండో గడిలో మా సూచన, మూడో గడిలో కారణం, దానికి ఆధారంగా ఒక నిజమైన బిల్లు. అధికారి చదివేది ఆ పట్టికనే. మీరు రాస్తే మీ కంపెనీకి ప్రైవేటు ప్లేస్‌మెంట్‌కు అయ్యే ఖర్చు, విలువ కట్టేవారి రుసుముతో సహా, సేకరించే మొత్తంలో ఎంత శాతమో చూపండి. పది పేజీల ఆవేదన కంటే ఆ ఒక్క లెక్క ఎక్కువ పనిచేస్తుంది.

నన్నడిగితే ఇవి అడగాలి: చిన్న ఇష్యూలకు తక్కువ ఖర్చుతో ఒక మార్గం, మదుపరి ఆదాయంతో సంబంధం లేకుండా తక్కువ మొత్తానికి అందరికీ అనుమతి, లక్ష్యం చేరేదాకా డబ్బు బ్యాంకు దగ్గరే ఉండి, చేరకపోతే ఆటోమేటిక్‌గా వెనక్కి పోవడం, కంపెనీ వివరాల పత్రం తెలుగులో ఇవ్వడం, వందలమంది తరఫున ఒకే సంస్థ సభ్యుల పట్టికలో ఉండే వీలు. ఈ చివరిదాన్ని అమెరికాలో 2021 మార్పుల్లో అనుమతించారు. ఇన్ని రక్షణలు పెట్టినా రేపు ఆ షేరు అమ్ముకోవడం కష్టమేనని మీ ఊరివాళ్లకు ముందే చెప్పాలి. అమెరికాలో కూడా ఏడాదిపాటు అమ్మకూడదు, ఆ తర్వాత కొనేవాడు దొరకాలి. చీటీ పాడుకున్నట్టు అవసరానికి తీసుకునే డబ్బు కాదిది.

చట్టం వచ్చేదాకా మీ యంత్రం ఆగనక్కరలేదు. బ్యాంకు తాకట్టు అడుగుతోందన్నారు కదా, చిన్న పరిశ్రమల రుణ హామీ నిధి, అంటే సీజీటీఎంఎస్ఈ కింద తాకట్టు లేకుండా ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగండి. కాదంటే కారణం కూడా రాసిమ్మనండి. రాజమహేంద్రవరంలోని కాయర్ బోర్డు కార్యాలయంలో పీచు యంత్రాలకు ఏ పథకాలు ఉన్నాయో కనుక్కోండి. వాటాలే కావాలనుకుంటే ఎక్కువ పెట్టగలిగే కొద్దిమందిని ఎంచుకుని 42వ సెక్షన్ కింద పద్ధతిగా వెళ్లండి. మీ నాలుగు వందల మందిలో ఎక్కువమంది కొబ్బరి రైతులే అయితే ఉత్పత్తిదారుల కంపెనీ గురించి గట్టిగా ఆలోచించండి. దానికి 200 మంది పరిమితి లేదు. కానీ సభ్యులు ఉత్పత్తిదారులే అయి ఉండాలి, ఎన్ని షేర్లున్నా ఒక మనిషికి ఒకే ఓటు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే బావగారికి అందులో చోటుండదు, ఊళ్లో తోట ఉన్న పెదనాన్నకు ఉంటుంది.

కువైట్ బంధువుల విషయం వేరు. పెట్టుబడి తిరిగి విదేశాలకు తీసుకుపోకూడదన్న షరతు మీద ప్రవాస భారతీయుడు పెట్టే డబ్బును స్వదేశీ పెట్టుబడిగానే చూస్తారు. తీసుకుపోయే వీలుతో పెడితే షేర్లు కేటాయించిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు వివరాలు దాఖలు చేయాలి. ఏ పద్ధతిలోనైనా వాళ్లూ ఆ 200 మందిలోనే లెక్క. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి, సెలవుకు వచ్చినవాళ్ల చేతిలోంచి నగదుగా కాదు.

ఇక ఈ వారంలోనే చేయవలసింది ఒకటుంది. వాటాల గురించి వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం ఏదైనా ఉంటే తీసేసి, ప్రస్తుతానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవడం లేదని స్పష్టంగా రాయండి. ఇప్పటికే ఎవరైనా ఫోన్‌పేలో అడ్వాన్సు పంపి ఉంటే, వచ్చిన ఖాతాకే మొత్తం వెనక్కి పంపి, ఆ లావాదేవీ సంఖ్య రాసి పెట్టుకోండి. సంఘం వాళ్ల వినతుల ప్రతులు మీ చేతికి వస్తే ఇక్కడ పెట్టండి, చదివి నా అభిప్రాయం రాస్తాను.